నీళ్లు ఎటు పోవాలండీ?

గేటు నుంచి గుమ్మం దాకా కారు వెళ్లడానికి కాంక్రీటు బాట వేయించాలంటే ముందు మంచి కాంట్రాక్టరును ఏరుకోవడం తెలియాలి. ఆ విద్య నాకు పట్టుబడింది. నలుగురికీ పంచకుండా పోతే పాపమని ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నాను.

మొదట వచ్చినతను చూడ్డానికి మర్యాదస్తుడిలాగే ఉన్నాడు. కానీ బండి దిగుతూనే జేబులోంచి టేపు తీశాడు. అక్కడే నాకు అనుమానం వచ్చింది. పొడవు కొలిచాడు, వెడల్పు కొలిచాడు, గునపం అడిగి తీసుకుని మట్టిలో రెండు చోట్ల పొడిచి చూశాడు. ఆ తర్వాత ప్రశ్నలు. కారు ఒక్కటేనా, బరువు బండ్లు కూడా వస్తాయా? ఈ చెట్టు వేళ్లు ఎటు పాకాయి? డ్రైనేజీ పైపు ఎంత లోతులో ఉంది? అన్నీ అయ్యాక, మొత్తం స్థలాన్ని ఒకసారి కలయజూసి, "వాన నీళ్లు ఎటు పోవాలండీ?" అన్నాడు.

డబ్బులిచ్చేదీ నేనే, నీళ్లకు దారి చెప్పేదీ నేనేనా? పని రానివాడే ఇన్ని అడుగుతాడని తేల్చుకుని పంపేశాను. మర్నాడు రెండు పేజీల కొటేషన్ పంపాడు. దిమ్మిస కొట్టిన నేల మీద 4 అంగుళాల కంకర పరుపు, దాని మీద 4 అంగుళాల కాంక్రీటు, కాంక్రీటు బలం ఎంత, జాయింట్లు ఎన్ని అడుగులకొకటి, ఎన్ని రోజులు తడపాలి, ఏ పని అయ్యాక ఎంత డబ్బు ఇవ్వాలి... 5 అంగుళాలు వేస్తే కాంక్రీటు ఖర్చు పావు వంతే పెరుగుతుందట, బరువుకు తట్టుకునే శక్తి మాత్రం దాదాపు ఒకటిన్నర రెట్లవుతుందట. ఇవన్నీ కూర్చుని చదివే ఓపికే ఉంటే నేనే కాంట్రాక్టర్ని అయ్యేవాణ్ణి.

రెండో ఆయన "దారిలో ఉన్నా సార్" అన్నాడు. ఇప్పటికీ దారిలోనే ఉన్నాడు.

మూడో ఆయన బండి కూడా దిగలేదు. ఒక కాలు నేలకు ఆనించి, గేటు వైపు ఒకసారి, ఆకాశం వైపు ఒకసారి చూసి అంకె చెప్పేశాడు. అనుభవమంటే అదీ! కొటేషన్ రాసివ్వమంటే తన విజిటింగ్ కార్డు తిప్పి, వెనక "కాంక్రీటు బాట, మొత్తం" అని రాసి, అంకె వేసి, అంకె కింద రెండు గీతలు గీశాడు. మొత్తం వ్యవహారంలో గట్టిగా నిలబడ్డవి ఆ రెండు గీతలేనని తర్వాత తెలిసింది. సగం అడ్వాన్సు అడిగాడు. అంత ధీమాగా అడిగేవాడికి ఇవ్వకుండా ఎలా ఉంటాం?

పని మొదలైన రోజు కూడా నేను గుడ్డిగా ఏమీ లేను. కుర్చీ వేసుకుని కూర్చున్నాను. పక్క చెక్కల దగ్గర కొలిస్తే లోతు లెక్కకు సరిగ్గా 4 అంగుళాలుంది. మధ్యలో మట్టి కాస్త గుట్టగా ఉంటే అక్కడ రెండున్నర వచ్చింది. అదేమిటంటే, "అంచులే కదా సార్ కనబడేవి" అన్నాడు. కాదనడానికి నాకు మాట దొరకలేదు. ఇనుప జాలీని నేల మీదే పరిచారు. అది కాంక్రీటు మధ్యలోకి రావాలని, కింద దిమ్మలు పెట్టి లేపుతారని ఎక్కడో విన్న గుర్తు. అడిగితే, "పోసేటప్పుడు కొక్కెంతో లాగుతాం సార్" అన్నారు. ఆ కొక్కెం ఎక్కడుందో వెతకడంలోనే కాంక్రీటు పోయడం పూర్తయింది. పగుళ్లు పైన, ఇనుము అడుగున. రెండింటికీ ఈ రోజుకీ ముఖపరిచయం లేదు.

ఇక నీళ్ల దగ్గరికి వద్దాం.

కాంక్రీటు కలిపే మిల్లరు పక్కన ఒక కుర్రాడు ప్లాస్టిక్ పైపు పట్టుకుని నిలబడ్డాడు. 50 కిలోల సిమెంటుకు, ఇసుకలో ఉన్న తడితో కలుపుకుని, 22 నుంచి 25 లీటర్ల నీళ్లు సరిపోతాయి. అంతకు మించి పోస్తే ఆ ఎక్కువ నీళ్లు సిమెంటుతో కలవక, తర్వాత ఆవిరైపోయి, ఉన్న చోటల్లా సన్నటి బొరియలు వదిలిపోతాయి. నీళ్లు పెరిగేకొద్దీ బలం తగ్గుతుందని డఫ్ ఏబ్రమ్స్ అనే అమెరికా ఇంజనీరు 1918లోనే లెక్క కట్టి చెప్పాడు. వందేళ్లు చెక్కుచెదరని ఆ సూత్రాన్ని మా కుర్రాడు బొటనవేలితో పైపు మూతి నొక్కి పట్టి మూడు నిమిషాల్లో కొట్టేశాడు. "కాస్త జారుగా ఉంటే పని సాఫీగా సాగుతుంది సార్." సాగింది. గేటు దగ్గర కుమ్మరిస్తే పారలతో పని లేకుండా దానంతటదే గుమ్మం దాకా నడిచొచ్చింది. ఎంత బాగా వచ్చిందోనని ముచ్చట పడ్డాను. అది ఎటు నుంచి ఎటు పారిందో ఆలోచించాల్సింది ఆ క్షణంలోనే.

పోసిన కాసేపటికి లోపలి నీళ్లు పైకి తేలాయి. అవి ఆరేదాకా తాపీ ముట్టించకూడదంటారు. మావాళ్లకు ఇంకో చోట పని ఉంది. ఆ నీళ్ల మీదే పొడి సిమెంటు చల్లి, తాపీతో రుద్ది రుద్ది నున్నగా చేశారు. పక్కింటాయన వచ్చి, వంగి, అందులో చూసుకుని తల దువ్వుకున్నాడు. బయట వేసే కాంక్రీటుకు చీపురుతో అడ్డంగా గీతలు లాగి గరుకు పెట్టాలని తెలిసింది తొలి వానకు కొరియర్ కుర్రాడు గేటు దగ్గర జారి, గుమ్మం దగ్గర ఆగి, లేవకుండానే సంతకం పెట్టమన్న రోజున. ఆ నునుపు కూడా ఎన్నాళ్లో నిలవలేదు లెండి. పొరలు పొరలుగా లేచి, తుడిచినప్పుడల్లా చీపురుతో పాటు కొంత బాట కూడా వస్తోంది.

జాయింట్ల మాట ఎత్తాను. 4 అంగుళాల పలకకు 8 నుంచి 10 అడుగులకొక గాడి, మందంలో నాలుగో వంతు లోతున, గట్టిపడ్డాక తొలి రోజు దాటకుండా కొయ్యాలి. కాంక్రీటు ఆరేటప్పుడు కుంచించుకుపోయి తీరుతుంది, పగిలీ తీరుతుంది. గాడి ఉంటే అందులో, కనబడకుండా పగులుతుంది. "జాయింట్లు పెడితే అందం పోతుంది సార్, నేను ఏకముక్కగా పోస్తా" అన్నాడు. 1930లలో హూవర్ డ్యామ్ కట్టినవాళ్లకు ఈయన పరిచయం లేదు. పాపం వాళ్లు భయపడి దిమ్మెలు దిమ్మెలుగా విడగొట్టి పోశారు. చాలదన్నట్టు లోపల పైపులు వేసి, కాంక్రీటు వేడి తగ్గడానికి చల్లటి నీళ్లు పారించారు. నీళ్లు పోస్తే పొయ్యాలి గానీ పైపులో పెట్టి తిప్పడమేమిటి, పిరికితనం కాకపోతే!

వెళ్తూ వెళ్తూ, "రెండ్రోజులు బాగా ఆరనివ్వండి సార్" అన్నాడు. నిజానికి కాంక్రీటు ఆరి గట్టిపడదు. సిమెంటూ నీళ్లూ కలిసి జరిగే చర్య వల్ల గట్టిపడుతుంది. నీళ్ల అడుగున పోసినా గట్టిపడుతుంది. అందుకే కనీసం 7 రోజులు గోనెపట్టాలు కప్పి తడుపుతూ ఉండాలి, ఆలోపు కారు ఎక్కించకూడదు. బలం లెక్క చూసేది 28వ రోజున. కలిపేటప్పుడు అడక్కుండానే పైపు విప్పిన కుర్రాడు ఈ వారం రోజుల్లో ఒక్కసారి కూడా కనిపించలేదు. వద్దన్న చోట ధారాళంగా పోసి, కావాల్సిన చోట చుక్క పడనివ్వని ఆ నిగ్రహం అందరికీ అబ్బేది కాదు. మూడో రోజున మిగిలిన కంకర పట్టుకెళ్లడానికి వాళ్ల లారీయే వచ్చింది. వెనక్కి వెనక్కి వచ్చి సరిగ్గా బాట మధ్యలో ఆగింది. నేను గావుకేక పెడితే డ్రైవరు తల బయటపెట్టి, "టెస్టింగ్ అయిపోయినట్టే సార్, ఇక టెన్షన్ పడకండి" అన్నాడు.

వాన పడింది. ఇంటి నుంచి బయటికి అడుగుకు పావు అంగుళం వాలు ఉండాలి, అంటే 20 అడుగులకు 5 అంగుళాలు. మా కాంట్రాక్టరు వాలు విషయంలో ఒక్క పిసరు తగ్గలేదు, 5 అంగుళాలూ ఇచ్చాడు. దిక్కొకటే మారింది. వీధిలో నీళ్లు కూడా మర్యాదగా మా గుమ్మం దాకా వచ్చి, చెప్పులను పలకరించి, వాటిలో ఒకదాన్ని గదిలోకి తీసుకెళ్లాయి.

ఆ తర్వాతే పగులు కనిపించింది. డ్రైనేజీ మూత మూల దగ్గర పుట్టి (మూలల్లోనే పుడతాయట), ఏకముక్క అందాన్ని ఏటవాలుగా దాటుకుంటూ గేటు స్తంభం దాకా వెళ్లింది. ఫోన్ చేస్తే, "ఎయిర్ క్రాక్ సార్, ఏం కాదు" అన్నాడు. గాలికి పగిలిందన్నమాట. ఎంత వెడల్పుందో చూద్దామని చేతికందిన విజిటింగ్ కార్డును నిలువుగా దూర్చాను. బిగుతుగా దిగింది. నెల తిరిగాక మడతపెట్టి దూర్చినా దిగింది. అప్పటికి అందులో ఒక గడ్డిపోచ కూడా మొలిచింది. నేను తడపకపోయినా దాని నీళ్లు అది చూసుకుంటోంది. మంచు కురిసే చోట్లయితే ఇందులో దిగిన నీళ్లు గడ్డకట్టి, దాదాపు 9 శాతం ఉబ్బి, పగులును ఇంకాస్త తెరుస్తాయి. మన మూడో ఆయనకు అక్కడ ఇంకా మంచి భవిష్యత్తు ఉండేది.

ఇక నిర్వహణ. కారు నుంచి ఆయిలు కారి మరక పడితే రంపపు పొట్టు చల్లి పీల్చుకోనిచ్చి, సబ్బు నీళ్లతో బ్రష్షు పెట్టి రుద్దాలి. అంత చిన్న పనికి పక్కింటాయన ఒప్పుకుంటాడా? "యాసిడ్ పొయ్యండి, దెబ్బకు పోతుంది" అన్నాడు. పోశాను. బుసబుసమని నురగ పొంగింది. మురికి వదిలిపోతోందని ఇద్దరం నడుం మీద చేతులేసుకుని తృప్తిగా చూశాం. వదిలిపోయింది సిమెంటు. మరక ఉన్నచోటే ఉండగా, చుట్టూ కంకర పళ్లికిలించింది. పగుళ్లు పూడ్చి రెండు మూడేళ్లకోసారి సీలర్ పూస్తే నీళ్లు లోపలికి దిగవని విని ఆ ముచ్చటా తీర్చుకున్నాను. పొరలు లేచే దాని మీద పూస్తే సీలరు ఆ పొరలతో పాటే ఊడొచ్చింది.

మూడో ఆయన ఫోన్ ఎత్తడం మానేశాక, సిగ్గు విడిచి మొదటతన్ని పిలిచాను. దెప్పుతాడేమో అనుకున్నాను. ఏమీ అనలేదు, మళ్లీ టేపు తీశాడు. సుత్తి పిడితో అక్కడక్కడ కొట్టి విన్నాడు. రెండు మూడు చోట్ల డొల్ల చప్పుడు వచ్చింది, కింద మట్టి కుంగిపోయిందన్నాడు. "పైన ఎంత పూసినా లాభం లేదండీ. తీసేసి మళ్లీ వెయ్యాలి" అన్నాడు. పగుల్లో దిగబడ్డ విజిటింగ్ కార్డును రెండు వేళ్లతో పైకి లాగి, దులిపి, చదివి, నా చేతికిచ్చాడు. ఆ తర్వాత గుమ్మం వైపు, గేటు వైపు మార్చి మార్చి చూసి, ఏ మాత్రం సంకోచం లేకుండా మళ్లీ అదే అడిగాడు.

"ఇంతకీ వాన నీళ్లు ఎటు పోవాలండీ?"

చూశారా, మనిషి ఏమీ మారలేదు. ఆలోచించి చెబుతానని పంపేశాను. సాయంత్రం పక్కింటాయన ఇంకో నంబరు ఇచ్చాడు. ఈయన ఆకాశం వైపు కూడా చూడలేదు, ఫోన్లోనే అంకె చెప్పేశాడు. రేపొస్తానన్నాడు. అడ్వాన్సు పంపాను.