చ్యవనప్రాశ లేహ్యం గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ లేహ్యం గారికి,

కార్తికం వచ్చింది. బజారులో ఉసిరికాయలు గుట్టలు పోశారు. తమరిని ఇంట్లోనే వండేయాలన్న ఉత్సాహం మళ్లీ ఊరి మీద పడింది. మూకుడు పొయ్యెక్కే లోపే తమతో నాలుగు మాటలు తేల్చుకోవాలి.

ముందు తమ వంశచరిత్ర. తమరిని సేవించి ముసలి చ్యవన మహర్షి పడుచువాడయ్యాడని ఆయుర్వేద గ్రంథం చరక సంహిత చెబుతోంది. భారతంలో అరణ్యపర్వం తెరిస్తే కథ వేరు. అశ్వినీ దేవతలు ఆయనను కొలనులో దింపారు, పైకి వచ్చేసరికి నవయువకుడు. అక్కడ సీసా లేదు, చెంచా లేదు, ఉసిరికాయ ఊసే లేదు. ప్రతిఫలంగా మహర్షి ఆ దేవవైద్యులకు సోమరసంలో వాటా ఇప్పించాడు. కష్టం కొలనుది, పేరు తమది!

సరే, చరకుడి మాటే ఖాయం చేసుకుందాం. ఆయన లెక్క 500 ఉసిరికాయలకు 50 పలాల చక్కెర, అంటే ఈనాటి తూకంలో సుమారు 2.4 కిలోలు. కాయలు చిన్నవే అనుకున్నా 500 అంటే ఆరేడు కిలోలు తూగుతాయి. తీపి మూడో వంతు మాత్రమే. మా వంటిళ్లలో ఇప్పుడు కిలోకి కిలో. బజారు సీసా వెనక్కి తిప్పి చదివితే చాలాసార్లు మొదటి వరుసలో దర్జాగా కూర్చున్నది పంచదారే. ఈ లెక్కన తమరు జామ్. మూలికల వాసన తగిలిన జామ్.

ఇక మూలికలు. జీవకం, ఋషభకం, మేద, మహామేద వంటి ఎనిమిది హిమాలయ మూలికలు దొరకకపోతే పిల్లిపీచర, అశ్వగంధ, నేలగుమ్మడి లాంటివి వేసుకోవచ్చని శాస్త్రమే దారి చూపింది. మేము ఆ దారిలో ఇంకాస్త ముందుకు వెళ్లి మసాలా డబ్బా దగ్గర ఆగాం. దాల్చిన చెక్క, ఏలకులు, ఆకుపత్రి తమలో ఉండే మాట నిజమే. బిర్యానీలోనూ ఉన్నాయి. అది తిని యౌవనం తిరిగొచ్చినవారిని మాత్రం నేను చూడలేదు.

అయితే తమ తయారీ చూడముచ్చటగా ఉంటుంది, అది కాదనను. ఉడికిన కాయను వేళ్లతో నొక్కితే తొనలుగా విచ్చుకుని గింజ బయటపడుతుంది. గుజ్జును జల్లెడ మీద రుద్దితే పీచు పైన మిగిలిపోతుంది. నెయ్యిలో వేయిస్తుంటే పచ్చటి ముద్ద గోధుమరంగుకు తిరిగి, అంచుల్లో నెయ్యి వదులుతుంది. పాకం కలిపాక అసలు పరీక్ష మొదలవుతుంది: కుతకుతమంటూ పైకి చింది మోచేతి దాకా చురకలు పెడుతుంది. గరిటె ఆపితే అడుగంటుతుంది, ఆపకపోతే చేయి కాలుతుంది. చల్లటి నీళ్లలో వేసిన చుక్క విచ్చిపోకుండా అడుగుకు చేరితే పాకం కుదిరినట్టు. చల్లారాకే తేనె కలపాలని శాస్త్రం. అంతసేపు ఆగే ఓపిక ఉన్నవారికి యౌవనంతో పనేమిటని మా ఇంట్లో పొగలు కక్కుతుండగానే పోసేస్తారు.

తమ పథ్యం కూడా చదివాను. యౌవనం తిరిగి రావాలంటే గాలీ ఎండా సోకని కుటీరంలో ఉండి సేవించాలట. మేము ఆఫీసు బస్సుకు పరుగెత్తుతూ ఒక చెంచా నాకి, సాయంత్రానికి అద్దంలో చూసుకుంటున్నాం. మోతాదు సంగతి ఇంకా బాగుంది: భోజనానికి అడ్డు రానంత తీసుకోవాలట. మా పిల్లలకు తమరే భోజనం. చపాతీకి రాసుకుని, చుట్టి, రెండోది అడుగుతారు. ఆదివారం ఉసిరి ముట్టకూడదని, రాత్రిపూట పేరే ఎత్తకూడదని ఇల్లంతా కట్టడి చేసే మా బామ్మ సైతం తమ జోలికి వచ్చేసరికి నియమాలు సడలిస్తుంది. మందుకు మైల లేదట!

కాబట్టి నా విన్నపం ఒక్కటే. మహర్షి బిరుదు వదిలేసి ఉసిరి జామ్‌గా మా చపాతీల మీద స్థిరపడండి, ఎవరికీ అభ్యంతరం లేదు. రుచిలో తమకు సాటి వచ్చే జామ్ నాకు తెలియదు. కాకపోతే చక్కెర జబ్బు ఉన్న మా బావగారు మందు పేరుతో రోజూ రెండు చెంచాలు లాగిస్తున్నారు. ఆయన చేయి పడేసరికి మూత బిగుసుకుపోయే ఏర్పాటు ఏదైనా తమ శాస్త్రంలో ఉంటే వెంటనే తెలియజేయగలరు.

ఇట్లు,
మోచేతికి వెన్న రాసుకుంటున్న
తమ విధేయుడు