మహారాజశ్రీ క్రెడిట్ గారికి, ఇంగ్లిష్ లిటరేచర్ పిల్లల తరఫున

అయ్యా క్రెడిట్ గారూ,

ఉభయకుశలోపరి. మీ క్షేమం గురించి మాకేం బెంగ లేదు. 2022 డిసెంబరులో యూజీసీ కొత్త డిగ్రీ ఫ్రేమ్‌వర్క్ విడుదల చేసినప్పటి నుంచి మీ వంశం మూడు పువ్వులు ఆరు కాయలుగా ఉంది. మూడేళ్ల డిగ్రీ చేతికి రావాలంటే మీరు 120 మంది కూడాలి, నాలుగేళ్ల ఆనర్స్‌కి 160. మిమ్మల్ని లెక్కపెట్టుకోకుండా ఏ కాలేజీలోనూ తెల్లారడం లేదు. ఇంగ్లిష్ లిటరేచర్ మేజర్‌గా తీసుకున్న పిల్లల తరఫున ఒక చిన్న మనవి మాత్రం ఉంది: మీకు చదవడం రాదు.

కోపం తెచ్చుకోకండి. మీకు వచ్చిందల్లా గడియారం చూడటం. వారానికి గంట చొప్పున పదిహేను వారాలు పాఠం జరిగితే మీరొకరు పుడతారు. ఇంటి దగ్గర చదివేది కూడా కలిపితే 30 గంటలకు ఒకరని నేషనల్ క్రెడిట్ ఫ్రేమ్‌వర్క్ లెక్క. అంటే నాలుగు క్రెడిట్ల పేపర్‌కి 120 గంటలు, అందులో 60 క్లాసులో, 60 ఇంట్లో. ల్యాబులున్న సబ్జెక్టులకు ఇది బాగానే అతుకుతుంది. సాహిత్యం దగ్గరికొచ్చేసరికి బియ్యాన్నీ పట్టుచీరనీ ఒకే తవ్వతో కొలుస్తున్నారు. నాలుగు క్రెడిట్ల కవిత్వం పేపరైనా, నాలుగు క్రెడిట్ల నవలల పేపరైనా మీకు తేడా లేదు.

విక్టోరియన్ నవలల పేపర్‌లో జార్జ్ ఎలియట్ ‘మిడిల్‌మార్చ్’ ఉందనుకోండి. 1871-72లో ఎనిమిది భాగాలుగా వచ్చిన నవల, 86 అధ్యాయాలు, మామూలు ఎడిషన్లలో 800 పేజీలు అటూ ఇటూ. ఇంటర్ దాకా తెలుగు మీడియంలో చదివొచ్చిన అమ్మాయి ఆ పొడుగాటి వాక్యాలను అర్థం చేసుకుంటూ గంటకు 20 పేజీలు చదివిందంటే మెచ్చుకోవాలి. ఆ లెక్కన 40 గంటలు. మీరు దయచేసిన ఇంటి గంటల్లో ఇక మిగిలింది ఇరవై. వాటిలోనే ఇంకో మూడు నవలలు, ఒక అసైన్‌మెంటు, రెండు ఇంటర్నల్స్. గైడ్‌లు ఎందుకు అమ్ముడుపోతున్నాయని సెమినార్లు పెడుతుంటారు పాపం. యూనివర్సిటీ గేటు ముందున్న జిరాక్స్ షాపులన్నీ మీ పటం కట్టించుకుని రోజూ అగరొత్తులు వెలిగించాలి.

మరోపక్క జాన్ డన్ కవిత ‘ఎ వాలెడిక్షన్: ఫర్బిడ్డింగ్ మోర్నింగ్’. 36 పంక్తులు, చదవడానికి రెండు నిమిషాలు. విడిపోతున్న ప్రేమికులను చివరి మూడు చరణాల్లో వృత్తలేఖిని రెండు కాళ్లతో ఎందుకు పోల్చాడో తేల్చుకోవడానికి మాత్రం ఒక సాయంత్రం పడుతుంది, అదీ కాగితం మీద గీసుకుంటే. ఈ సాయంత్రం మీ చిట్టాలో ఎక్కడా పడదు.

అందుకని కాస్త తెలివున్న పిల్లలు మిమ్మల్ని పక్కన పెట్టి పేజీలు చూసుకుంటున్నారు. సెమిస్టర్ మొదలవక ముందే సిలబస్ కాపీ తీసి, ప్రతి పుస్తకం ఎదురుగా దాని పేజీలు రాస్తారు. ఒక్కో పుస్తకంలో పది పేజీలు గడియారం పెట్టుకుని చదివి, దాన్నిబట్టి మొత్తానికి ఎన్ని గంటలో హెచ్చవేస్తారు. కవితైతే మూడుసార్లు చదవాలని ముందే వేసుకుంటారు. వచ్చిన మొత్తాన్ని మీ పదిహేను వారాలతో కాకుండా పన్నెండుతో భాగిస్తారు. ఇంటర్నల్స్, దసరా లేదా సంక్రాంతి, మన కాలేజీలో ఇంకెవరికో పరీక్షా కేంద్రం పడటం, ఇవన్నీ పోగా మిగిలేవి ఆ పన్నెండే. 500 పేజీలు దాటిన నవల సెలవుల్లోనే ఒకసారి పూర్తవ్వాలి. సెమిస్టర్‌లో జరిగేది రెండో చదువు. లావు నవలల పేపర్ ఉన్న సెమిస్టర్‌లో ఆప్షన్ ఇస్తే ఇంకో నవలల పేపర్ జోలికి పోకూడదు. పక్కన ఫొనెటిక్స్ (ఉచ్చారణ శాస్త్రం) లాంటిది పెట్టుకుంటే రోజుకు అరగంట అడుగుతుంది గాని, పరీక్ష ముందు రాత్రి మీదపడి కరవదు.

ఇంతకన్నా పెద్ద లోపం ఇంకోటుంది. మీకు ముందూ వెనకా తెలియదు. మొదటి సెమిస్టర్‌లో వచ్చినా ఆరో సెమిస్టర్‌లో వచ్చినా మీ విలువ ఒక్కటే. పుస్తకాలకు అలా కాదు. అరిస్టాటిల్ ‘పొయెటిక్స్’లో మాటిమాటికీ ఉదాహరణగా తెచ్చేది సొఫోక్లీస్ ‘ఈడిపస్’ నాటకాన్ని. క్రిటిసిజం పేపర్ మూడో సెమిస్టర్‌లోనూ, గ్రీకు నాటకం ఐదో సెమిస్టర్‌లోనూ పెడితే, విద్యార్థి ఏడాదిపాటు ఎప్పుడూ చూడని నాటకం గురించి సిద్ధాంతం బట్టీపడతాడు. చినువా అచెబె 1958 నవల ‘థింగ్స్ ఫాల్ అపార్ట్’ పేరు యేట్స్ కవిత ‘ది సెకండ్ కమింగ్’ నుంచి తీసుకున్నది. పోస్ట్‌కలోనియల్ పేపర్ ముందొచ్చి యేట్స్ తర్వాతొస్తే, ఆ పేరులోని ఎత్తిపొడుపు ఎవరికీ అందదు. జీన్ రీస్ 1966లో ‘వైడ్ సర్గాసో సీ’ రాసింది 1847 నాటి ‘జేన్ ఐర్’కి జవాబుగా. ప్రశ్న చూడకుండా జవాబు మీద పదహారు మార్కుల వ్యాసం రాయించగల శక్తి మీకొక్కరికే ఉంది. చాసర్ ‘జనరల్ ప్రొలోగ్’ 858 పంక్తుల మిడిల్ ఇంగ్లిష్‌ని, భాషా చరిత్ర పాఠం ఒక్కటీ వినని ఫస్టియర్ వాళ్ల నెత్తిన పెట్టడం కూడా మీ చలవే.

కాలేజీ ఈ వరస మార్చదు, మార్చాలంటే సిలబస్ తేల్చే బోర్డ్ ఆఫ్ స్టడీస్ కూర్చోవాలి. విద్యార్థి మాత్రం దొంగచాటుగా మార్చుకోవచ్చు. యేట్స్ కవిత 22 పంక్తులే. ‘ఈడిపస్’ రెండు మూడు గంటల పని. సిలబస్‌లో లేకపోయినా ముందు వీటిని చదివేసి, తర్వాత అసలు పేపర్‌లోకి దిగితే సగం గైడ్ అవసరం తీరిపోతుంది. ‘జేన్ ఐర్’ మాత్రం అలా ఒక పూటలో అయ్యేది కాదు, అది సెలవుల ఖాతాలో వేసుకోవాలి.

ఇక మీ పేరు మీద జరిగే ఎలెక్టివ్‌ల, అంటే పిల్లలు ఎంచుకునే పేపర్ల, వేడుక. కాగితం మీద ఐదు పేపర్లు, క్లాసులో ఒకటి. చెప్పే మాస్టారు లేకపోయినా, తగినంతమంది చేరకపోయినా ఆ పేపర్ నడవదు, పిల్లలందరినీ నడిచేదాంట్లోకి తోలేస్తారు. ఏది బతికుందో తెలుసుకోవడం తేలికే. గత రెండేళ్ల ప్రశ్నపత్రాలు అడగాలి. ప్రశ్నపత్రమే లేదంటే ఆ పేపర్ నడవలేదన్నమాట. ఆప్షన్ ఫారంలో రెండో ప్రాధాన్యం కూడా నిజంగా చదవాలనుకునేదే రాయాలి, ఎందుకంటే చాలాసార్లు దక్కేది అదే. మేజర్ పక్కన తీసుకునే రెండో సబ్జెక్టు, మైనర్, దాని ఎంపికా ఇంతే. నాలుగేళ్ల కోర్సులో దానికి 32 క్రెడిట్లు, చిన్నదేం కాదు. పక్కబెంచీ స్నేహితుడు తీసుకున్నాడని కాకుండా చరిత్రో ఫిలాసఫీయో తీసుకున్నవాళ్లకు, థియరీ పేపర్‌లో మార్క్స్, ఫ్రాయిడ్, సొస్యూర్ ఒకే నెలలో వరసగా తలుపు తట్టినప్పుడు ఊపిరాడుతుంది.

కేంద్ర ప్రభుత్వపు ఆన్‌లైన్ కోర్సుల పోర్టల్ ‘స్వయం’లో ఉండే మీ బంధువుల గురించి క్లుప్తంగా. సెమిస్టర్‌లో 40 శాతం కోర్సుల దాకా అక్కడ చేసుకోవచ్చని 2021 నిబంధనలు చెబుతున్నాయి. అయితే ఆ కోర్సు మా పేపర్‌కి సమానమని డిపార్ట్‌మెంట్ ముందుగా రాతపూర్వకంగా ఒప్పుకోకపోతే, ఆఖర్న చేతిలో మిగిలేది అందమైన సర్టిఫికెట్ ఒక్కటే. పరీక్షకు వేరే రిజిస్ట్రేషన్, వేరే ఫీజు ఉంటాయి. వీడియోలన్నీ చూసేసి పరీక్షకు దరఖాస్తు పెట్టడం మరిచిపోయినవాళ్ల మీద మీకు ఏమాత్రం జాలి ఉండదు.

రీసెర్చ్‌తో ఆనర్స్ కావాలంటే మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం మార్కులు ఉండాలి. అప్పుడు మీరు పన్నెండుగురు ఒక్కసారిగా డిసర్టేషన్ (పరిశోధన వ్యాసం) రూపంలో ప్రత్యక్షమవుతారు. ఏడో సెమిస్టర్‌లో కూర్చుని టాపిక్ వెతికేవాళ్లు ‘భారతీయ నవలల్లో స్త్రీ’ అని రాసిస్తారు, దానికి నాలుగు జన్మలు చాలవు. తెలుగు వచ్చిన విద్యార్థి చేతిలో మీరు చూడని ఆస్తి ఒకటుంది: రెండో భాష. గురజాడ ‘కన్యాశుల్కం’ 1897 కూర్పునూ 1909 కూర్పునూ, ఒక ఇంగ్లిష్ అనువాదాన్నీ పక్కపక్కన పెట్టి, గిరీశం మాట్లాడే ఒక్క సన్నివేశం పట్టుకుంటే చాలు. ఐదో సెమిస్టర్‌లోనే ఆ సన్నివేశం తాలూకు ఇరవై పేజీలు దగ్గర పెట్టుకున్నవాడికి గైడ్ మాస్టారు దొరకడం కూడా సులువవుతుంది, ఎందుకంటే పని ఎంతో ఆయనకు కనబడుతుంది.

ఇంతే సంగతులు, చిత్తగించవలెను.

ఇట్లు,
పేజీలు లెక్కపెట్టుకునేవాళ్లు

తా.క.: అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్‌లో దాచిన మీ ఆయుష్షు గరిష్ఠంగా ఏడేళ్లట. చాసర్‌కి ఆరు వందల ఏళ్లు దాటాయి, ఆయన ఏ బ్యాంకులోనూ ఖాతా తెరవలేదు. అది సరే, ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా, టెన్త్ మెమోలో పొడి అక్షరంగా ఉన్న పిల్లల ఖాతాల్లో పడటానికి మీరు మొరాయిస్తున్నారు. వాళ్లకు ఆ సంగతి ఆఖరి సెమిస్టర్‌లో కాకుండా, అడ్మిషన్ జరిగిన వారంలోనే తెలిసేలా నోటీసు బోర్డులో ఒక కాగితం అంటించమని మీ ఆఫీసువాళ్లకు చెప్పండి.