ఎవరికి, ఎప్పటి నుంచో ముందు రాయండి
అమెరికా ఫెడరల్ (కేంద్ర సర్కారు) నోటీసుల్ని తేలిక మాటల్లో చెప్తే చాలు, జనం గాబరా పడరని మీరు రాసిన్రు. సగమే ఒప్పుకుంట. అక్కడి సర్కారు గెజిట్ అయిన ఫెడరల్ రిజిస్టర్‌ల అచ్చయ్యేదంతా అమల్లోకి వచ్చినట్టు కాదు. మామూలుగ ముందు ప్రతిపాదన వస్తది, జనం అభిప్రాయాలు చెప్పనీకి చాలాసార్లు 30 నుంచి 60 రోజులు గడువుంటది, ఆ తర్వాతనే తుది నిబంధన. దాని అమలు తేదీ మళ్లీ వేరే. 2025 సెప్టెంబరుల హెచ్1బీ అనే ఉద్యోగ వీసాకు లక్ష డాలర్ల ఫీజన్నది ఈ తొవ్వల రానే లేదు, అధ్యక్షుడు నేరుగ చేసిన ప్రకటన అది. సంతకమైన రెండో రోజుకే అమలు. ఆ వీసా మీదనే అమెరికాల ఉండే మా అక్క కొడుకు అప్పుడే బతుకమ్మ పండుగకని మా మిర్యాలగూడకు వచ్చిండు. వాట్సాప్‌ల ఈ ఫీజు మెసేజ్ చూసి ఇంటిల్లిపాదీ ఆగమాగం. అక్క తంగేడు పూలు అట్లనే వదిలేసి వాని బట్టలు సర్దింది, మూడింతల రేటుకు టికెట్ కొన్నరు. శంషాబాద్‌కు కారు ఎక్కినంక తెలిసింది, అది కొత్త దరఖాస్తులకేనని, వీసా ఉన్నోళ్లకు కాదని. ఆ మెసేజ్ మంచి తేట తెలుగులనే ఉండె! ఇంకో మాట, అమెరికాల సర్కారు కాగితాలు తేలిక మాటల్లో ఉండాలని 2010ల సులభ భాష చట్టం తెచ్చిన్రు గానీ, నిబంధనల పాఠాన్నే దాన్నుంచి మినహాయించిన్రు. అందుకే మీరు రాసేటప్పుడు మొదటి లైన్లనే ఇది ప్రతిపాదననా, తుదిదా, ఎవరికి, ఏ తేదీ నుంచి అన్నది పెట్టుండ్రి.