డీజే బాక్సు గారి సముఖానికి

మహారాజశ్రీ డీజే బాక్సు గారి సముఖమునకు, హైదరాబాదు కాలనీల్లో బతుకమ్మ పేర్చే ఆడవాళ్లు చేసుకొను విన్నపము.

ఉభయకుశలోపరి. వినాయకుణ్ని సాగనంపి వచ్చారు, అలసిపోయి ఉంటారు. తమరికి దొరికే సెలవు పితృపక్షం పదిహేను రోజులే. మహాలయ అమావాస్య నాడు, మా తొమ్మిది రోజుల పండగలో మొదటిదైన ఎంగిలిపూల బతుకమ్మకు మళ్లీ ట్రాలీ ఆటో ఎక్కక తప్పదు. 2024 అక్టోబరులో నగర పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో తమరిని వద్దన్నారు. రోడ్డు మీద చోటు పోవడం పగవాళ్లకు కూడా రాకూడని కష్టం. అందుకేనేమో కాలనీ పార్కులో మా పక్కనే కాపురం పెట్టారు.

సాయంత్రం ఏడు దాటితే గానీ తమరు దిగరు కాబట్టి, అప్పటిదాకా ఇక్కడ ఏం జరుగుతుందో తమరి చెవిన వేస్తున్నాం. గునుగు పువ్వు ముందురోజే రావాలి, గుడిమల్కాపూర్ మార్కెట్ నుంచో, కూడలిలో కుప్ప పోసి అమ్మేవాళ్ల దగ్గరి నుంచో. జానెడు కాడ ఉంచి కోసి, పిడికెడేసి కట్టలు కట్టి, కొనలు కత్తెరతో సమం చేసి, ఆ కొనలు మాత్రమే రంగునీళ్లలో ముంచి నీడన ఆరబెట్టాలి. తడి ఆరకుండా పేరిస్తే పక్క వరస పూలకు కూడా ఆ రంగే అంటుకుంటుంది. తంగేడు మాత్రం ఆ పొద్దునే తేవాలి. నిన్నటి తంగేడు చెయ్యి తగిలితే చాలు, రెక్కలు రాలుస్తుంది.

మధ్యాహ్నం తాంబాలంలో గుమ్మడాకులు పరిచి, పూలు బయటికి, కాడలు లోపలికి ఉండేలా పేరుస్తాం. తంగేడు ఒక వరస, గునుగు ఒక వరస, ఆపైన బంతి, చామంతి, కట్లపూలు. అసలు పనితనం కనబడని నడుములో ఉంటుంది. కోసిపడేసిన కాడలూ ఆకులూ తరిగి ప్రతి వరసకూ మధ్యలో కూరి అదమాలి. అక్కడ బద్ధకిస్తే మోసుకెళ్లే దారిలోనే బతుకమ్మ ఒక పక్కకు ఒరుగుతుంది. ఒక్కో వరస కిందిదానికన్నా వేలెడు లోపలికి జరగాలి. పోటీ బహుమతి మీద కన్నేసి నిట్టనిలువుగా లేపినవాటికి, జడ్జీలు వచ్చేలోపు ఎవరో ఒకరు చెయ్యి ఆన్చి నిలబడాల్సిందే. చివరికి శిఖరాన గుమ్మడిపువ్వు, పసుపు గౌరమ్మ.

ఇంతా చేసి పార్కులో దించేసరికి తమరి సౌండ్ చెక్ మొదలవుతుంది.

ఇక ఆట సంగతి. బతుకమ్మ పాటను ఒకామె ఎత్తుకుంటే మిగతావాళ్లు 'ఉయ్యాలో' అని అందుకుంటారు. వంగి చప్పట్లు కొట్టి లేవడానికి పట్టే సేపే దాని తాళం. పెద్దామె మోకాళ్లు మొరాయిస్తే పాట నెమ్మదిస్తుంది. కొత్తకోడలు అడుగు తప్పితే అదే చరణం ఇంకోసారి తిరుగుతుంది. పక్కింటామె పేరు అప్పటికప్పుడు పాటలో దూరుతుంది. తమరికి ఈ తలనొప్పులేవీ లేవు. ఒకటే వేగం, అదీ పరుగు. పది నిమిషాలకల్లా అందుకోగలిగిన పిల్లలు ఆటలో, అందుకోలేని పెద్దవాళ్లు ప్లాస్టిక్ కుర్చీల్లో. పాటలు వచ్చినవాళ్లంతా కుర్చీల్లోకి పోయాక ఎత్తుకునేవాళ్లే ఉండరు కనుక, తమరు లేకపోతే పండగే లేదని కమిటీ తీర్మానిస్తుంది. బేరం కుదుర్చుకోవడంలో తమరి తెలివికి మా జోహార్లు.

పైగా తమరికి తగిలించేది కార్యదర్శి గారి ఫోను. గౌరమ్మను పొగిడే చరణం నడుమ సిమెంటు ప్రకటన వస్తే, వంగినవాళ్లం వంగినట్టే ఉండి ఆయన 'స్కిప్' నొక్కే ఘడియ కోసం ఎదురుచూస్తాం. ఆయనకు ఫోనొస్తే రింగ్‌టోనుకు కూడా రెండు చుట్లు తిరుగుతాం. పాటలు ముందే దింపుకుని ఫ్లైట్ మోడ్‌లో పెట్టమని ఎవరైనా చెప్పవచ్చు గానీ, తమరి పక్కన నిలబడి చెబితే ఆయనకు వినబడాలి కదా.

2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం ఇళ్ల మధ్య పగటి హద్దు 55 డెసిబెళ్లు, రాత్రి పది దాటితే 45. ఇద్దరు మామూలుగా మాట్లాడుకున్నా 60 దగ్గరికి పోతుంది. తమరు ఆ గీతను సౌండ్ చెక్ నాడే దాటేసి, వెనక్కి తిరిగి చూడలేదు.

తమరిని పిలవక మానరు కాబట్టి, వస్తే ఇలా రండి. బాస్ బాక్సులు బండిలోనే ఉంచండి. ఒక్క మైకు చాలు, పాట ఎత్తే ఆమెకు. ఆమె తిరుగుతూ పాడుతుంది కనుక వైరు మైకు వద్దు, అందరి కాళ్లకూ చుట్టుకుంటుంది. కాలర్ మైకు పెట్టండి. ఆమె తమరి ముఖం ఎదుటికి వస్తే కీచుమంటుంది కాబట్టి, ఆట తిరిగే చోటికి ముప్పై అడుగులు ఎడంగా, ముఖం పక్కకు తిప్పుకుని నిలబడండి. మాకు చప్పట్లు వినబడినంత సేపే తమరి వాల్యూమ్ సరిగా ఉన్నట్టు.

చివరి రోజు, సద్దుల బతుకమ్మ నాడు ఇంకొంచెం దయ చూపాలి. ఆ రోజు ఇంటింటా ఐదు సద్దులు: రెండు రకాల పులిహోర, కొబ్బరన్నం, నువ్వులన్నం, పెరుగన్నం. పెరుగన్నంలో పాలు ఎక్కువ పోసి ఒక్క గరిటె పెరుగు కలిపితే రాత్రి తొమ్మిదికి కమ్మగా తోడుకుంటుంది. తమరి పదకొండు గంటలకు సరిపోయే కొలత ఏ అత్తగారూ నేర్పలేదు. మీరు ఆగితే గానీ ట్యాంక్‌బండ్‌కు కదలలేం. అక్కడ అప్పటికే చాంతాడంత వరస. రొట్టె, బెల్లం కలిపి చేసిన మలీద పంచేవేళకు పిల్లలు భుజాల మీద నిద్ర.

ఆరో రోజు అలిగిన బతుకమ్మ, ఆ రోజు పేర్చం. ఆ రోజు తమరు కూడా మా మీద అలగవచ్చు. తర్వాతి మూడు రోజులూ ఆ అలక తీర్చడానికి మా వైపు నుంచి ఎవరూ రారని హామీ ఇస్తున్నాం.

ఇట్లు,
కుర్చీల్లో కూర్చున్నవాళ్లు