మీసం మొలవని పిల్లాడికి ఐదు స్టార్లు

డిసెంబరు మొదటి బుధవారం అమెరికా హైస్కూళ్లలో, అమెరికన్ ఫుట్‌బాల్ ఆడే కుర్రాళ్లు ఏ యూనివర్సిటీ జట్టులో చేరతారో తేల్చే ఓ తంతు జరుగుతుంది. జిమ్‌లో బల్ల వేసి, దాని మీద మూడో నాలుగో టోపీలు పెడతారు. ఒక్కో టోపీ మీద ఒక్కో యూనివర్సిటీ గుర్తు. బల్ల వెనక పదిహేడేళ్ల కుర్రాడు, పక్కన అమ్మా నాన్నా, వెనకాల బెలూన్లు, ఎదురుగా కెమెరాలు. కుర్రాడు ఒక టోపీ మీద చెయ్యి వేసినట్టే వేసి, తీసేసి, ఇంకోటి నెత్తిన పెట్టుకుంటాడు. ఒక రాష్ట్రంలో చప్పట్లు. పక్క రాష్ట్రంలో, ఆ కుర్రాణ్ణి జన్మలో ఒక్కసారి కూడా కలవని నడివయసు మగాళ్లు ఫోన్లలో తిట్లు టైపు చేస్తుంటారు.

ఆ నడివయసు మగాళ్లలో నేనూ ఒకణ్ణి. తిట్లు టైపు చెయ్యను గానీ చదువుతాను. డాలస్ చుట్టుపక్కల ఏళ్ల తరబడి ఉన్నవాడికి ఈ జబ్బు అంటకుండా ఉండదు. ఎవరు ఏ యూనివర్సిటీకి వస్తానని కమిట్ అయ్యారు, ఎవరు డీకమిట్ అయ్యారు, ఎవరు చివరి నిమిషంలో ఫ్లిప్ కొట్టి వేరే జట్టుకి మారారు, ఇవన్నీ ఆఫీసులో సోమవారం కాఫీతో పాటు దొరుకుతాయి.

కాలేజీ ఫుట్‌బాల్ చెడిపోయిందని, డబ్బే చెడగొట్టిందని ఇప్పుడు అందరూ పాడే పాట. 2021 జులైలో ఆటగాళ్లు తమ పేరు మీద సంపాదించుకోవచ్చని, కాలేజీ ఆటలని నడిపే సంస్థ ఎన్‌సీఏఏ తలుపు తీసింది. 2025 జూన్‌లో, ఆటగాళ్లు ఎన్‌సీఏఏ మీద వేసిన హౌస్ కేసు ఒప్పందంతో యూనివర్సిటీలే ఏడాదికి 2 కోట్ల 5 లక్షల డాలర్ల దాకా ఆటగాళ్లకి నేరుగా పంచే ఏర్పాటు వచ్చింది. దాంతో పెద్దమనుషులకి ఒక్కసారిగా ఆట పవిత్రత గుర్తొచ్చింది. ఈ శోకాల్లో నేను కలవను. ఒక కోచ్‌ని సీజన్ మధ్యలో ఇంటికి పంపి, అందుకు 5 కోట్ల డాలర్లకు పైగా బాకీ పడ్డ యూనివర్సిటీలున్న చోట, తల పగలగొట్టుకుని ఆడేవాడికి నాలుగు రాళ్లు ముట్టడం పాపమెలా అవుతుంది? డబ్బు కొత్తగా రాలేదు. ఇన్నాళ్లూ పిల్లల చేతికి రాలేదు, అంతే.

నా కోపం స్టార్ల మీద.

ఆట తెలియని పాఠకులకి ఈ స్టార్ల సంగతి చెప్పాలి. రివల్స్, 247స్పోర్ట్స్, ఈఎస్‌పీఎన్ లాంటి సంస్థలు ఆట చూసి అంచనా కట్టి తొమ్మిదో పదో తరగతి నుంచే పిల్లలకి స్టార్లు అంటిస్తాయి. రెండు, మూడు, నాలుగు, ఐదు. ఏటా సుమారు 32 మందికి ఐదు స్టార్లు ఇవ్వాలన్నది 247 లెక్క. ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్ఎల్ జట్లు ఏటా కాలేజీ ఆటగాళ్లని వరసగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో మొదటి రౌండుకి 32 మంది ఉంటారు కాబట్టి. అంటే గడ్డం గీసుకోవడం ఇంకా రాని కుర్రాణ్ణి చూసి, నాలుగేళ్ల తర్వాత ఏ రౌండులో అమ్ముడుపోతాడో చెప్పడమన్న మాట. ఇది చాలదని, ఏ పిల్లాడు ఏ యూనివర్సిటీకి పోతాడో జోస్యం చెప్పడానికి వేరే విభాగాలున్నాయి. వాటిలో ఒకదాని పేరే క్రిస్టల్ బాల్. మన ఊళ్లో చిలక జోస్యం వాడు కనీసం చిలకని పెంచుతాడు.

జోస్యం ఎలా తప్పుతుందో చెప్పడానికి క్విన్ ఎవర్స్ చాలు. టెక్సస్‌లోని సౌత్‌లేక్ కారల్ స్కూలు కుర్రాడు. అందరి రేటింగులూ కలిపిన 247 లెక్కలో ఒకటికి ఒకటి, అంటే నూటికి నూరు. అలాంటి మార్కు పడ్డవాళ్లు వేళ్ల మీద లెక్కించేంత మందే. హైస్కూలు ఆఖరి ఏడాది కూడా ఆడకుండా 2021లో ఒహాయో స్టేట్‌కి వెళ్లిపోయాడు. అక్కడ మైదానంలో దిగింది రెండంటే రెండు స్నాప్‌లకి, అంటే బంతి అందించి ఆట కదిలించింది రెండుసార్లు జరిగినంతసేపు. తర్వాత టెక్సస్ యూనివర్సిటీకి వచ్చి, జట్టుని రెండుసార్లు ప్లేఆఫ్ సెమీస్ దాకా తీసుకెళ్లాడు. చిన్న విషయం కాదు. అయినా 2025 డ్రాఫ్ట్‌లో అతని పేరు పిలిచింది ఏడో రౌండులో, 231వ స్థానంలో. ఆ పిల్లాడు చేసిన తప్పేమిటి? బాగా ఆడాడు. కానీ దేవుడిలా ఆడతాడని పెద్దవాళ్లు ముందే ప్రచారం చేసేశారు కాబట్టి, బాగా ఆడటం ఓటమిలా కనిపించింది.

అటు చివర చూడండి. జాష్ అలెన్ కాలిఫోర్నియాలో ఫైర్‌బా అనే వ్యవసాయపు ఊరి కుర్రాడు. హైస్కూలు అయ్యేసరికి స్టార్లు సున్నా. జూనియర్ కాలేజీలో (అక్కడ హైస్కూలు తర్వాత చదివే రెండేళ్ల కాలేజీ) చేరి, దేశంలో ఉన్న కోచ్‌లందరికీ ఈమెయిళ్లు పెట్టుకుంటే చివరికి వ్యోమింగ్ యూనివర్సిటీ తీసుకుంది. 2018లో డ్రాఫ్ట్ ఏడో స్థానం. ఎన్‌ఎఫ్ఎల్‌లో పెద్ద పేరైన ప్యాట్రిక్ మహోమ్స్‌కి మూడు స్టార్లు. 2025 డ్రాఫ్ట్‌లో మొట్టమొదటి పేరు క్యామ్ వార్డ్‌ది, అతనికి హైస్కూల్లో ఒక్క స్టారూ లేదు. పువ్వు పుట్టగానే పరిమళిస్తుందన్న సామెతని మనం తెగ వాడతాం. కొన్ని పువ్వులు సాయంత్రం పూస్తాయన్నది ఆ సామెత కట్టినవాడికి తట్టినట్టు లేదు.

పుట్టగానే పరిమళం వెతికిన మహానుభావుడు ఒకాయన ఉన్నాడు. 2010 ఫిబ్రవరిలో, సదరన్ కాలిఫోర్నియా యూనివర్సిటీకి కోచ్‌గా వచ్చి నెలైనా సరిగా తిరక్కుండానే, లేన్ కిఫిన్ డెలవేర్‌లో ఏడో తరగతి చదివే పదమూడేళ్ల క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి ఆట నడిపేవాడు) డేవిడ్ సిల్స్‌కి స్కాలర్‌షిప్ ఆఫర్ ఇచ్చాడు. పిల్లాడు సరేనన్నాడు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం. 2013లో కిఫిన్ ఉద్యోగం ఊడింది, సిల్స్ ఆ యూనివర్సిటీలో కాలు పెట్టనే లేదు. చివరికి వెస్ట్ వర్జీనియాలో, విసిరిన బంతిని పట్టే వైడ్ రిసీవర్‌గా మారి 2017లో దేశమంతా మెచ్చుకునేలా ఆడాడు. ఎవరూ స్టార్లు అంటించని పని అది. ఇక కిఫిన్ సంగతి. 2025 నవంబరు 30న, తను కోచ్‌గా ఉన్న ఓల్ మిస్ (మిసిసిపీ యూనివర్సిటీ) జట్టు ప్లేఆఫ్ వాకిట్లో నిలబడి ఉండగా, ఎల్‌ఎస్‌యూకి (లూసియానా స్టేట్ యూనివర్సిటీ) వెళ్లిపోతున్నానన్నాడు. కుర్రాళ్లు సంతకాలు పెట్టే రోజు డిసెంబరు 3. మూడు రోజులు. పదిహేడేళ్లవాడు మాట మారిస్తే ‘ఫ్లిప్’, విశ్వాసం లేదు, ఈ తరమే అంత. యాభయ్యేళ్లవాడు మారిస్తే కెరీర్.

స్టార్లను సమర్థించేవాళ్ల దగ్గర ఒక బలమైన లెక్క ఉంది, దాన్ని దాచను. టైటిల్ గెలిచిన జట్లలో నాలుగు, ఐదు స్టార్ల వాళ్లు సగానికి మించి ఉంటారని ఏళ్ల తరబడి రుజువవుతూ వచ్చింది. ఐదు స్టార్ల కుర్రాడు ఎన్‌ఎఫ్ఎల్‌కి వెళ్లే అవకాశం మూడు స్టార్ల వాడికన్నా చాలా ఎక్కువ, అదీ నిజమే. ఒప్పుకుంటాను. వెయ్యిమందిని కలిపి చూస్తే పనికొచ్చే అంచనా అది. పంట దిగుబడి లెక్క లాంటిది. దాన్ని తెచ్చి ఒక్కో గింజ మీద రాస్తామంటేనే నాకు పేచీ. పైగా, అలబామానో జార్జియానో ఆఫర్ ఇచ్చిన మర్నాడు కుర్రాడి రేటింగు పైకి లేవడం ఈ ఆట వెంట తిరిగే ఎవరికైనా తెలుసు. పెద్ద జట్టు కోరింది కాబట్టి స్టారు పెరిగింది, స్టారు ఉంది కాబట్టి పెద్ద జట్టు గెలిచింది. కాకి ముక్కుకి దొండపండు కట్టేది వాళ్లే, ఎంత ఎర్రగా ఉందో అని మురిసేదీ వాళ్లే.

ఆ లెక్కకి కూడా 2026 జనవరి 19న చిల్లు పడింది. ఇండియానా. దశాబ్దాలుగా ఓటమికి మారుపేరైన జట్టు. బాస్కెట్‌బాల్ మొదలయ్యేదాకా కాలక్షేపానికి ఫుట్‌బాల్ ఆడుతుందని జోకులేసే జట్టు. 2023 చివర్లో కోచ్‌గా వచ్చిన కర్ట్ సిగ్నెటీని, మీ దగ్గరికి ఆటగాళ్లు ఎందుకొస్తారని అడిగితే, నేను గెలుస్తాను, గూగుల్ చేసి చూసుకోండి అన్నాడు. పొగరనుకున్నాం. తను అంతకుముందు పనిచేసిన జేమ్స్ మాడిసన్ నుంచి డజను మందికి పైగా వెంటబెట్టుకొచ్చాడు. స్టార్ల పట్టికలో ఎక్కడో కింద ఉండేవాళ్లు. రెండో ఏడాదికే 16 ఆటలకి 16 గెలిచి దేశ చాంపియన్. ఆ జట్టు క్వార్టర్‌బ్యాక్ ఫెర్నాండో మెండోజా మయామి కుర్రాడు. సొంతూరి యూనివర్సిటీ స్కాలర్‌షిప్ ఇవ్వలేదు. మొదట యేల్‌కి వెళదామనుకుని, కాలిఫోర్నియా బర్క్‌లీలో ఆడి, ఇండియానా వచ్చి, కాలేజీ ఫుట్‌బాల్‌లో అత్యుత్తమ ఆటగాడికిచ్చే హైస్మన్ ట్రోఫీ గెలిచాడు. ఫైనల్లో ఓడించింది ఆ మయామినే, మయామి సొంత మైదానంలోనే.

సిగ్నెటీ కొన్నది జోస్యాన్ని కాదు, కాలేజీలో ఇప్పటికే ఆడి చూపించిన ఇరవై రెండు, ఇరవై మూడేళ్ల మగాళ్లని. ట్రాన్స్‌ఫర్ పోర్టల్ (జట్టు మారాలనుకునేవాళ్లు పేరు ఎక్కించుకునే జాబితా) పుణ్యమా అని, ఏటా దానికి పెట్టిన రోజుల్లో ఆటగాళ్లు జట్టు మారుతున్నారు. 2024లో ఎన్నిసార్లన్న పరిమితి కూడా పోయింది. కాయో పండో తేలిన సరుకు బజార్లో దొరుకుతున్నప్పుడు, పిందెని చూసి కోట్లు పెట్టే కోచ్‌ ఎందుకుంటాడు? అందరూ ఇంకా అక్కడిదాకా రాలేదు. మిషిగన్ 2025 బ్యాచ్ నంబర్‌వన్ కుర్రాడు బ్రైస్ అండర్‌వుడ్‌ని ఎల్‌ఎస్‌యూ నుంచి లాక్కోవడానికి కోటి డాలర్లకు పైనే లెక్క కుదిరిందని వార్తలొచ్చాయి. ఆ పిల్లాడు వచ్చి ఏడాది తిరక్కముందే, తెచ్చిన కోచ్ ఉద్యోగం పోయింది.

ఈ కొత్త లెక్కలో అసలు నలిగిపోతున్నది ఎవరో ఆలోచించండి. ఐదు స్టార్ల వాడు కాదు, వాడికి లాయర్లున్నారు. అమెరికాలో హైస్కూల్ ఫుట్‌బాల్ ఆడేవాళ్లు పది లక్షల పైచిలుకు. వాళ్లలో ఏ స్థాయిలోనైనా ఎన్‌సీఏఏ కాలేజీలో ఆడేది నూటికి ఏడుగురు. హౌస్ ఒప్పందంతో జట్టుకి 105 మందే అన్న గీత పడింది. అంతకుముందు స్కాలర్‌షిప్ లేకుండా సొంత ఖర్చుతో వచ్చి, కసిగా కష్టపడి పైకొచ్చేవాళ్లకి చోటుండేది. బేకర్ మేఫీల్డ్ అలా వచ్చినవాడే, 2017 హైస్మన్ విజేత. ఆ వరసలో చివర నిలబడ్డ వాడి కుర్చీ ముందుగా తీసేశారు. మిగిలిన కుర్చీల్లో చాలా పోర్టల్ నుంచి వచ్చిన పెద్దవాళ్లవి. చిన్న ఊరి మూడు స్టార్ల కుర్రాడికి గతంలో వచ్చే ఆఫర్లు ఇప్పుడు రావడం లేదని హైస్కూల్ కోచ్‌లు మొత్తుకుంటున్నారు. దీని మీద ఎవరూ క్రిస్టల్ బాల్ వెయ్యరు. నెలనెలా డబ్బు కట్టి ఎవరు చదువుతారు?

జేడెన్ రషాడా అనే కుర్రాడు మరీ దెబ్బతిన్నాడు. 1 కోటి 38 లక్షల డాలర్లకు పైగా ఇస్తామన్న మాట నమ్మి మయామిని కాదని ఫ్లోరిడాకి సంతకం పెట్టాడు. డబ్బు రాలేదు. తర్వాత తనని మోసం చేశారని 2024లో కోర్టుకెక్కాడు. తప్పెవరిదో తేల్చడం నా పని కాదు. కానీ హైస్కూలు దాటని పిల్లాడు అంతంత అంకెల మధ్య ఎలా వచ్చి పడ్డాడు? స్టార్లు ఆ అంకెలకి ధరల పట్టిక అయ్యాయి కాబట్టి.

ఇదంతా చదువుతూ మనకి సంబంధం లేదనుకుంటున్న తెలుగువాళ్లకి ఒక మాట. టీవీలో ఊపిరి తీసుకోకుండా ఒకటి, ఒకటి, రెండు, మూడు, నాలుగు అని ర్యాంకులు అరిచే ప్రకటనల మధ్య పెరిగినవాళ్లం మనం. పదో తరగతిలో మార్కులొచ్చిన పిల్లాడి ఇంటికి కాలేజీ పీఆర్వోలు వచ్చి, ఫీజు లేదు, హాస్టల్ ఫ్రీ అని బేరం పెట్టడం ఎన్ని ఊళ్లలో చూడలేదు? అది రిక్రూటింగ్ కాకపోతే మరేమిటి? ఆ పిల్లాడి ఫోటో హోర్డింగ్ మీదికి ఎక్కుతుంది. వాడి ర్యాంకు చూసి లక్షలు కట్టి చేరినవాళ్లు వేరే సెక్షన్లో, వేరే లెక్చరర్ల దగ్గర కూర్చుంటారు. అమెరికావాడు కనీసం ఐదు స్టార్ల కుర్రాడికి డబ్బు ముట్టజెబుతున్నాడు. మనం వాడి ఫోటోకి కూడా అద్దె ఇవ్వం. టీనేజీ పిల్లాడి నుదుటి మీద అంకె వేసి, దాన్ని పక్కింటివాడికి చూపించి బతకడంలో మనం ఈ టెక్సస్ వాళ్లకి ట్యూషన్ చెప్పగలం. ఇక్కడికొచ్చిన మనవాళ్లు ఈ రిక్రూటింగ్ పిచ్చిలో ఇంత తేలిగ్గా ఎలా కలిసిపోయారా అని మొదట్లో ఆశ్చర్యపోయేవాణ్ణి. ఇప్పుడు పోను.

మొన్న సీజన్‌లో ఓ శుక్రవారం రాత్రి అలెన్ హైస్కూల్ స్టేడియానికి వెళ్లాం. 6 కోట్ల డాలర్లతో 2012లో కట్టి, కాంక్రీటు పగుళ్లిస్తే 2014లో మూసి బాగు చేసుకున్న స్టేడియం. పద్దెనిమిది వేల మంది పడతారు, మన రంజీ మ్యాచ్‌లకి అందులో పదో వంతు రారు. వందలమంది ఉన్న స్కూలు బ్యాండులో మా స్నేహితుడి కూతురు క్లారినెట్ వాయిస్తుంది, దాని కోసం వెళ్లాం. గుంటూరు నుంచి వచ్చిన వాళ్ల తాతగారు నా పక్కన కూర్చున్నారు. ఆటేమిటో ఆయనకి తెలియదు. రెండో క్వార్టర్లో ఒక కుర్రాడు బంతి పట్టుకుని, మీద పడ్డవాళ్లని విదిలించుకుని అంచు వెంబడే పరుగెత్తితే లేచి నిలబడ్డారు.

“ఎవరు బాబూ ఆ పిల్లాడు? భలే ఉరికాడు!”

“త్రీ స్టార్ అండీ” అన్నాను.

ఆయన తల ఊపి, “పేరు?” అన్నారు. నేను ఫోన్ తీశాను.