తోడెళ్ళేవాళ్ళ ఉపాధి ఏం కావాలి?

ఒడిశాలోని మా పర్లాకిమిడిలో ఈమధ్య ఒక ఉద్యోగం పోయింది. పోగొట్టుకున్నవాడు నా మేనల్లుడు, ఏడో తరగతి. పందొమ్మిదేళ్ళ వాళ్ళక్క బజారుకెళ్ళినా, ట్యూషనుకెళ్ళినా తోడు వెళ్ళడం వాడి పని. జీతం ట్రిప్పుకి ఒక ప్లేటు గుప్‌చుప్, అంటే పానీపూరీ. కుక్క ఎదురైతే వాడే అక్క వెనక దాక్కునేవాడు. అయినా తోడు తోడే. మగపిల్లాడు పక్కనుంటే మా అక్కకు నిశ్చింత, వీధికి మర్యాద. ఇంత చక్కటి ఏర్పాటు కిందటి చలికాలం ఒక్క ఆదివారంతో కూలిపోయింది. ఆ పిల్ల మహేంద్రగిరి కొండ ఎక్కి వచ్చింది. సోమవారం చెప్పులేసుకుని, "వాణ్ణి చదువుకోనీ అమ్మా, నేను వెళ్ళొస్తా" అని వెళ్ళిపోయింది.

ఆడపిల్లలు కొండలెక్కాలి, మారథాన్లు పరిగెత్తాలి, ఆత్మవిశ్వాసం వస్తుంది అని అందరూ చెప్పేవాళ్ళే. వచ్చాక దాన్ని ఇంట్లో ఎక్కడ పెట్టుకోవాలో ఒక్కరూ చెప్పరు. మాది చిన్న ఇల్లు.

మేము హెచ్చరించకపోలేదు. ప్రయాణానికి వారం ముందే మా అరుగు మీద పెద్దలు సమావేశమయ్యారు. కొండ ఎత్తు 1501 మీటర్లని నేను చెప్పగానే ఇద్దరు మంచినీళ్ళు అడిగారు. ఎండకి నల్లబడితే సంబంధాలు రావన్నారు ఒకరు. మోకాళ్ళు అరిగిపోతాయన్నారు ఇంకొకరు, తన మోకాలి బెల్టు సవరించుకుంటూ. ఆయన ఎక్కిన ఎత్తయిన చోటు వాళ్ళ డాబా. ఎదురింటి రిటైర్డ్ మాస్టారు గొంతు తగ్గించి, గర్భసంచి జారిపోతుందన్నారు.

నవ్వకండి. ఈ శాస్త్రానికి అంతర్జాతీయ స్థాయి ఉంది. 1928 ఆమ్‌స్టర్‌డాం ఒలింపిక్స్‌లో ఆడవాళ్ళు 800 మీటర్లు పరిగెడితే చూసిన పెద్దలు హడలిపోయి, 1960 దాకా ఆ పందెం మళ్ళీ పెట్టలేదు. 1967లో బోస్టన్ మారథాన్‌లో కాథరిన్ స్విట్జర్ 261 నంబరు తగిలించుకుని పరిగెడుతుంటే, నిర్వాహకుడొకాయన వెంటపడి ఆ నంబరు పీకబోయాడు. ఆమె 42 కిలోమీటర్లూ పూర్తి చేసింది. ఏదీ జారలేదు, నంబరుతో సహా. ఒలింపిక్స్‌లో ఆడవాళ్ళకి మారథాన్ పెట్టింది 1984లో. ఆ లెక్కన మా మాస్టారు ప్రపంచానికి నలభై ఏళ్ళే వెనక. మా వీధికి అది ముందంజే.

తర్వాత కల్పనా దాస్ సంగతి వచ్చింది. ఢెంకనాల్ లాయరమ్మ. ఒడిశా నుంచి మొట్టమొదట ఎవరెస్టు ఎక్కింది ఆవిడే, 2008లో. మా పెద్దలకు గుర్తున్నది ఆ సంవత్సరం కాదు, 2019. మళ్ళీ ఎక్కి, దిగుతూ కొండ మీదే ప్రాణం విడిచారు. "చూశారా!" అన్నారు ఒకాయన. అరుగు చప్పబడింది. కొండ ప్రమాదం కాదని నేనూ అనను. కానీ ఆయనే హెల్మెట్ లేకుండా, మనవణ్ణి బండి ముందు నిలబెట్టుకుని రోజూ పాతపట్నం వెళ్ళొస్తారు. దాన్ని సాహసక్రీడల్లో ఇంకా ఎవరూ చేర్చలేదు.

ఇంతలో నా మేనకోడలు మాలావత్ పూర్ణ పేరెత్తింది. నిజామాబాద్ జిల్లా పిల్ల, భువనగిరి రాతికొండ మీద నేర్చుకుని, 2014 మే 25న ఎవరెస్టు మీద నిలబడింది. అప్పటికి పదమూడేళ్ళ పదకొండు నెలలు. నేపాల్ వైపు నుంచి ఎక్కాలంటే పదహారేళ్ళు నిండాలట, అందుకని టిబెట్ వైపు నుంచి ఎక్కింది. మా వీధిలో ఆ వయసు పిల్ల పాల ప్యాకెట్టుకి వెళ్ళాలన్నా అరుగు అనుమతి కావాలి.

లోపల చేట పట్టుకుని బియ్యం చెరుగుతున్న మా అమ్మ అక్కణ్ణుంచే అరిచింది. "శివరాత్రికి నానెక్కలేదేటి? ఉపాసముండి, ఒట్టి కాళ్ళతో! అప్పుడు మీ అక్క నా కడుపులో ఉంది."

మాస్టారు గర్భసంచి అంశాన్ని వెంటనే ఉపసంహరించుకున్నారు. అయితే అది భక్తి, ఇది బలుపు అని తేల్చారు. సూక్ష్మమైన తేడానే. భక్తితో కొండెక్కిన ఆడది దిగి వచ్చి వంట చేస్తుంది. సరదాకి ఎక్కినది దిగి వచ్చి, "ఇవాళ వంట ఎవరిది?" అంటుంది.

చివరికి తీర్మానం జరిగింది. మేనకోడలూ స్నేహితురాళ్ళూ కలిపి ఐదుగురు ఆడపిల్లలూ వెళ్ళవచ్చు, మగతోడు తప్పనిసరి. కుంతీదేవి అంతటిది కూడా ఐదుగురు కొడుకులతో తిరిగింది కదా అన్నారు. తోడుగా నన్ను నియమించారు. యాభై రెండేళ్ళు, షుగరు, మగవాణ్ణి. మూడో అర్హత సరిపోయింది.

జీపు వెళ్ళినంత మేరా నేనే ముందున్నాను. తర్వాత నడక. మొదటి అరగంట ఊపిరి ఎలా పీల్చాలో పిల్లలకు చెప్పాను. ఆ తర్వాత నా ఊపిరి నాకే చాల్లేదు. ఒక పిల్ల నా సంచీ తీసుకుంది, ఇంకో పిల్ల నీళ్ళసీసా, కాసేపటికి నా గొడుగు కూడా వెళ్ళిపోయింది. మా ఇంటికొస్తే తల ఎత్తని ఒక పిల్ల నా పక్కన నడుస్తూ, "ఇరవై అడుగులు వెయ్యండి అంకుల్, ఆగండి. మళ్ళీ ఇరవై" అని లెక్కపెట్టింది. ఆ పిల్లకి గొంతుందని నాకు ఆ రోజే తెలిసింది. మూడో ఇరవైకి నేను రాజీనామా చేశాను.

మేనకోడలు నన్నొక రాతి మీద కూర్చోబెట్టి, బిస్కెట్ ప్యాకెట్ చేతిలో పెట్టింది. "ఇక్కడే ఉండు మావయ్యా. ఎక్కడికీ వెళ్ళకు. తెలియనివాళ్ళతో మాట్లాడకు. మేమొచ్చేస్తాం." ఈ వాక్యాలు ఎక్కడో విన్నట్టు అనిపించింది. వాళ్ళు మలుపు తిరిగాక గుర్తొచ్చింది, పదేళ్ళుగా ఆ పిల్లకి నేను చెబుతున్నవే. రెండు గంటలు బుద్ధిగా కూర్చున్నాను. ఎవరితోనూ మాట్లాడలేదు. మాట్లాడటానికి ఒక మేక తప్ప ఎవరూ రాలేదు.

మర్నాడు అరుగు మీద నివేదిక సమర్పించాను. పిల్లలకు ఏ ఆపదా రాకుండా దగ్గరుండి తీసుకొచ్చానన్నాను. "పైన కుంతి గుడి ఎలా ఉంది?" అని మాస్టారు అడిగారు. దివ్యంగా ఉందన్నాను. మేనకోడలి ఫోన్‌లో నిజంగానే బాగుంది.

ఈసారి దేవమాలి అంటున్నారు. కోరాపుట్ జిల్లాలో ఉంది, 1672 మీటర్లు. అనుభవం ఉంది కాబట్టి తోడుగా మళ్ళీ నా పేరే ఖాయం చేశారు. జీపు ఎంతవరకు వెళ్తుందో కనుక్కుంటున్నాను.