మూడేళ్ళు రీబూట్ చేయని సర్వర్ గొప్పేం కాదు

నెల రోజులుగా ఒక మెసేజ్ వాట్సాప్‌లో తెగ తిరుగుతోంది. అమీర్‌పేటలో లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ నేర్చుకున్న మా బ్యాచ్ గ్రూపులో మొదట చూశాను. తర్వాత ఆఫీసు గ్రూపులోకి వచ్చింది. నిన్న మా తమ్ముడు కూడా "ఇది నిజమేనా అన్నా?" అంటూ పంపాడు. అందులో ఉన్నది క్లుప్తంగా ఇదీ:

"లినక్స్‌కు వైరస్ రాదు. వేలమంది చూసిన కోడ్ అది. ఫైర్‌వాల్ వెనక ఉన్న సర్వర్‌కు కెర్నెల్ ప్యాచ్ అక్కర్లేదు. వేయాలనిపించినా ఆర్నెల్లు ఆగు. వేస్తే స్లో అవుతుంది, లేదా శంషాబాద్‌లో జరిగినట్టు మొత్తం పడుకుంటుంది. మూడేళ్ళు రీబూట్ లేకుండా నడిపినవాడే అసలు అడ్మిన్."

కెర్నెల్ అంటే ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ, ప్యాచ్ అంటే లోపాన్ని సరిచేసే సవరణ. ముందు వైరస్ సంగతి ఒక్క మాటలో తేల్చేద్దాం. ఇక్కడ భయం వైరస్‌తో కాదు. మామూలు యూజర్‌గా లోపలికి వచ్చినవాడు రూట్, అంటే యంత్రం మీద సర్వాధికారాలూ ఉన్న యూజర్, అయిపోతాడు, అదీ భయం.

"వేలమంది చూసిన కోడ్." చూసే వీలుంది, నిజమే. చూశారనడానికి అది సాక్ష్యం కాదు. డర్టీ కౌ అనే లోపం 2007 నాటి 2.6.22 వెర్షన్ నుంచీ దాడికి పనికొచ్చే రూపంలో ఉంది. చదవడానికి మాత్రమే అనుమతి ఉన్న ఫైల్‌లో మామూలు యూజర్ రాసేయగలడు. దాన్ని సరిచేసింది 2016 అక్టోబర్‌లో, అంటే తొమ్మిదేళ్ళకు. లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ అంతకు 11 ఏళ్ళ ముందే ఒకసారి దీన్ని సరిచేయబోయారు. ఆ సవరణ వేరేచోట ఇబ్బంది పెడితే వెనక్కి తీయాల్సి వచ్చింది. అప్పట్లో అది కాగితం మీది ప్రమాదమే, కెర్నెల్ మారుతూ వచ్చేసరికి అసలు ప్రమాదమైంది. ఈ సంగతి ఆయనే ప్యాచ్ నోట్‌లో రాసుకున్నారు. అంత పెద్దాయన కంట పడి కూడా మిగిలిపోయిన లోపం ఇది! పైగా బయటపడింది కోడ్ చదివితే కాదు. దాన్ని అప్పటికే ఎవరో ఒక సర్వర్ మీద వాడుతుంటే, ఆ ట్రాఫిక్ రికార్డుల్లో దొరికింది.

"ఫైర్‌వాల్ ఉంది కదా." ఈ మాట తెలిసినవాళ్ళు కూడా అంటారు, అందుకే కాస్త ఆగి చెబుతాను. కెర్నెల్ లోపాల్లో చాలావాటిని వాడాలంటే ముందు యంత్రంలోకి రావాలి, ఒప్పుకుంటాను. కానీ రావడం అంత కష్టమా? వెబ్‌సైట్‌లో పాత ప్లగిన్ ఒక్కటి చాలు, లీకైన పాస్‌వర్డ్ ఒక్కటి చాలు. అలా వచ్చినవాడి చేతిలో ఉండేది ఏ అధికారమూ లేని వెబ్ సర్వర్ యూజర్. వాణ్ని రూట్‌ని చేసేది కెర్నెల్ లోపమే. "మావన్నీ కంటైనర్లలో, అంటే ఒకే సర్వర్‌లోని విడివిడి అరల్లో, ఉన్నాయి" అనేవాళ్ళు అమీర్‌పేట పీజీ హాస్టల్‌ను గుర్తుచేసుకోండి. ఎవరి గదికి వాళ్ళ తాళం ఉంటుంది, పైన నీళ్ళ ట్యాంకు మాత్రం అందరికీ ఒక్కటే. ఒక సర్వర్‌లోని మామూలు కంటైనర్లన్నిటికీ కెర్నెల్ ఆ ట్యాంకు లాంటిది. ఒక గదిలోవాడు ట్యాంకు దాకా ఎక్కగలిగితే మిగతా తాళాలు దేనికి?

"ఆర్నెల్లు ఆగు." మెసేజ్ మొత్తంలో ఎక్కువ నష్టం చేసేది ఈ సలహా. ప్యాచ్ వచ్చాక లోపం రహస్యంగా ఉండదు. పాత కోడ్‌నూ కొత్త కోడ్‌నూ పక్కపక్కన పెట్టి చూస్తే కన్నం ఎక్కడుందో తెలిసిపోతుంది. విండోస్ ఫైల్ షేరింగ్‌లోని లోపానికి మైక్రోసాఫ్ట్ 2017 మార్చి 14న ప్యాచ్ ఇచ్చింది. దాడికి వాడే కోడ్ ఏప్రిల్‌లో బయటికొచ్చింది. మే 12న ఆ లోపాన్నే వాడుకుని, ఫైళ్ళకు తాళం వేసి డబ్బడిగే వానాక్రై దాడి మొదలైంది. బ్రిటన్ ఆసుపత్రులతో పాటు మన ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లకూ తగిలింది. మధ్యలో ఉన్నది 59 రోజులు. లినక్స్‌లోనూ అదే వరస. కెర్నెల్‌లో నెట్‌వర్క్ ట్రాఫిక్‌ను వడపోసే ఎన్‌ఎఫ్ టేబుల్స్ అనే భాగంలోని ఒక లోపాన్ని 2024 జనవరిలో సరిచేశారు, మార్చి చివరికి దాడి కోడ్ అందరికీ దొరికింది, మే నెలలో అమెరికా సైబర్ భద్రతా సంస్థ సీసా దాన్ని నిజంగా దాడుల్లో వాడుతున్న లోపాల జాబితాలో చేర్చింది. ఆర్నెల్లు ఆగినవాళ్ళు అప్పటికింకా ఆగుతూనే ఉన్నారు.

ఇక శంషాబాద్. 2024 జూలై 19న ఎయిర్‌పోర్టులో చేత్తో రాసిన బోర్డింగ్ పాస్‌లు ఇచ్చారు, హైదరాబాద్ నుంచి కోల్‌కతా వెళ్ళే ఒకాయన పాస్ ఫోటో తెగ తిరిగింది కూడా. కానీ ఆ రోజు పడగొట్టింది కెర్నెల్ ప్యాచ్ కాదు, మైక్రోసాఫ్ట్ అప్‌డేట్ కూడా కాదు. క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ సాఫ్ట్‌వేర్‌కు వచ్చిన ఒక డేటా ఫైల్. దాన్ని చదివే డ్రైవర్ ప్రోగ్రామ్ విండోస్ కెర్నెల్‌లో నడుస్తుంది. తనది కాని మెమరీలోకి వెళ్ళి చదవబోయేసరికి యంత్రమే పడిపోయింది. మైక్రోసాఫ్ట్ లెక్క ప్రకారం అలా 85 లక్షల యంత్రాలు. ఆ ఫైల్‌ను విడతలుగా పంపి ఉంటే మొదటి గుంపులోనే తెలిసిపోయేది. ప్యాచ్ వల్ల పనిచేసేది పాడవడం జరుగుతుంది, నాకూ జరిగింది. అందుకే ముందు టెస్ట్ సర్వర్ మీద వేసి, రెండు రోజులు చూసి, ఆ తర్వాతే మిగతావాటి జోలికి వెళ్తాను. రెండు రోజులకూ ఆర్నెల్లకూ చాలా తేడా ఉంది.

స్లో అవుతుందన్న మాట ఎక్కడిదో నాకు తెలుసు. 2018 జనవరిలో బయటపడ్డ మెల్ట్‌డౌన్‌ది. అది ప్రాసెసర్‌లోని లోపం. కెర్నెల్ మెమరీ పట్టికలను యూజర్ ప్రోగ్రామ్‌లకు అందకుండా విడదీయాల్సి వచ్చింది, దాంతో డేటాబేస్‌ల లాంటివాటికి వేగం తగ్గింది. అబద్ధం కాదు. అయితే కెర్నెల్ ప్యాచ్‌లన్నీ అలాంటివి కావు. 2022లో బయటపడ్డ డర్టీ పైప్ అనే కెర్నెల్ లోపం అప్పటి కొన్ని కొత్త ఆండ్రాయిడ్ ఫోన్లనూ వదల్లేదు. దాన్ని మూసిన సవరణ రెండు లైన్లు, ఒక విలువను సున్నా చేయడం. దానివల్ల మీ సర్వర్ స్లో అయిందంటే వేరే కారణం వెతకండి.

మిగిలింది ఆ మూడేళ్ళ గొప్ప. ఆపకుండానే ప్యాచ్ వేసే లైవ్ ప్యాచింగ్ 2015లో వచ్చిన 4.0 వెర్షన్ నుంచి లినక్స్‌లో ఉంది. పెద్ద లోపాలకు పనికొస్తుంది, ప్రతి సవరణా అలా రాదు. మామూలుగా అయితే రీబూట్ అయ్యేదాకా నడిచేది పాత కెర్నెలే. మాదాపూర్‌లో నేను పనిచేసిన ఒక చిన్న కంపెనీలో రీబూట్ లేకుండా 1,100 రోజులు దాటిన సర్వర్ ఉండేది. అందరికీ అదంటే ముద్దు. నెలనెలా ప్యాచ్ రిపోర్టులో దాని పక్కన పచ్చ టిక్కే. కొత్త కెర్నెళ్ళన్నీ డిస్క్‌లోకి చేరాయి, నడుస్తున్నది మాత్రం మూడేళ్ళ కిందటిది. ఒక రాత్రి యూపీఎస్ చచ్చింది. కరెంటొచ్చాక సర్వర్ పైకి లేవలేదు. రెండేళ్ళ కిందట పీకేసిన డిస్క్ ఒకటి బూట్ సమయంలో ఎక్కించే జాబితాలో ఇంకా అలాగే ఉంది, అది లేకుండా ముందుకు కదలనంది. ఆ డిస్క్ తీసిన కుర్రాడు అప్పటికే బెంగళూరులో వేరే ఉద్యోగంలో ఉన్నాడు. రాత్రి రెండింటికి ఫోన్ చేసి లేపితే, కాసేపు ఆలోచించి అడిగాడు: "ఏ డిస్క్ అన్నా?"